ఫినాయిలు పోయమన్నది నేనే

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. లారీలు లేని రోజుల్లో సెప్టిక్ ట్యాంకులు ఎలా శుభ్రం చేయించారు సార్ అని. వాళ్ళ తప్పేం లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే లారీ వస్తుంది, గొట్టం లోపలికి వదులుతారు, టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది. మాకు ఉండేది ఒక గడ్డపార, ఒక వెదురు గడ, రెండు బకెట్లు, వాటితో పాటు ఒక పెద్దాయన. ఆ పెద్దాయన దగ్గర ఏముందో తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అది కూడా నా తెలివితో ఒక ఇంటిని ముంచబోయిన తర్వాత.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా హోసూరులో చేరింది డెబ్బైల చివర్లో. సొంతూరు వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మూడూ వచ్చు కాబట్టి ఎవరింటికి పోయినా మాట్లాడి ఒప్పిస్తాడని నన్ను కక్కసుల పని మీద వేశారు. ఇంటింటికీ తిరిగి కక్కసు కట్టించుకోండి, దానికి సెప్టిక్ ట్యాంకు కట్టించుకోండి అని చెప్పాలి. కట్టేటప్పుడు కొలతలు చూడాలి. కట్టాక దాని బాగోగులు కనుక్కోవాలి. మా అమ్మ బంధువులతో "మావోడికి గవర్నమెంటు ఉద్యోగం" అని చెప్పేది గానీ ఏ శాఖో చెప్పేది కాదు. ఎవరైనా గుచ్చి అడిగితే కాఫీ తెస్తానని లోపలికి పోయేది.

నాకు మాత్రం ఆ పని మీద పిచ్చి ఉండేది. ట్రైనింగులో మంచి మార్కులు వచ్చినవాణ్ణి, తెల్ల చొక్కా ఇస్త్రీ నలగకుండా తిరిగేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా నేనే కూర్చుని ఒక కాగితం తయారుచేశాను. "ఇంటి సెప్టిక్ ట్యాంకు కాపాడుకొనుటకు ఏడు సూత్రములు" అని పేరు. మూడు భాషల్లో స్టెన్సిల్ కోయించి కాపీలు తీయించాను. చెత్త వేయరాదు, నూనె పోయరాదు, ఇలా ఉండేది. ఐదో సూత్రం నా సొంత తెలివి. "వారమునకు ఒకసారి ఫినాయిలు, నెలకు ఒకసారి బ్లీచింగ్ పౌడరు తప్పక పోయవలెను." ఆసుపత్రి నేల మీద ఫినాయిలు పోస్తే శుభ్రం కదా, ట్యాంకులో పోస్తే ఇంకా శుభ్రం అనుకున్నాను. ఆ కాగితాన్ని పెళ్ళి శుభలేఖలా ఇంటింటికీ పంచాను.

హోసూరు దగ్గరి కెలమంగలంలో నా మాట మొదట విన్నది ఒక పట్టుపురుగుల ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, అత్తా కోడలు. కోడలికి నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మల్బరీ తోట, పురుగుల పెంపకం అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. అత్తకు తుంటి విరిగి నడక పడిపోయింది. రోజూ పొద్దు పొడవకముందే కోడలు ఆమెను వీపున ఎత్తుకుని చేనుగట్టు దాకా పోయి, మళ్ళీ ఎత్తుకుని వచ్చేది. నేను కక్కసు మాట ఎత్తగానే ఆమె ఇంకేమీ అడగలేదు. "ఎప్పుడు తవ్వల్ల చెప్పప్పా" అంది.

ఇంటికి పడమటి పెరట్లో ట్యాంకు కట్టించాను. దాని పక్కన నీళ్ళు ఇంకిపోయే గుంత. కడప బండలతో మూతలు. పని ముగిశాక ఆమె నా ఏడు సూత్రాల కాగితాన్ని అట్టకు అంటించి, కక్కసు తలుపుకు మేకు కొట్టి తగిలించింది. నేను పక్క ఊళ్ళ వాళ్ళను తీసుకొచ్చి మరీ ఆ ఇల్లు చూపించేవాణ్ణి. అందరికీ పెరడు చూపేది గానీ పురుగుల గదిలోకి మాత్రం ఆమె ఎవరినీ రానిచ్చేది కాదు. పట్టు ఇళ్ళలో అది కట్టుబాటు. బయటి మనిషి వెంట వాసన వస్తుంది, రోగం వస్తుంది అని వాళ్ళ భయం. బీడీ కంపు తగిలితే చాలు, పురుగు మేత మానేస్తుందంటారు. నేను ఇన్‌స్పెక్టరునని గొప్పగా ఒకసారి గుమ్మం దాకా పోతే, "ఆడనే ఉండప్పా" అని చెయ్యి అడ్డం పెట్టింది.

ఇక పెద్దాయన సంగతి. మా ఆఫీసులో కక్కసు గుంతలు తోడి ఎత్తే పనివాడు. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, వంగకుండా నడిచేవాడు. ఏ ఇంటికి పోయినా ఆయన్ని పెరటి గోడ అవతల నిలబెట్టే మాట్లాడేవాళ్ళు. నీళ్ళు ఇచ్చినా పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. నేనూ అంతకంటే గొప్పగా ఏమీ ప్రవర్తించలేదు. ముందు నేను నడిచేవాణ్ణి, గడ్డపార భుజాన పెట్టుకుని వెనక ఆయన వచ్చేవాడు. ఆయన ఏదైనా చెబితే "సరేలే" అనేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక ఆడి నెలలో, అంటే ఆషాఢం గాలులప్పుడు, కెలమంగలం నుంచి కబురు వచ్చింది. అక్క ఇంట్లో ట్యాంకు పొర్లింది. నేనూ పెద్దాయనా మొదటి బస్సుకు పోయాం. సందు మొదట్లోనే ముక్కు మూసుకోవలసి వచ్చింది. పెరట్లో మూత బండల సందుల్లోంచి నల్లటి నీళ్ళు ఉబుకుతున్నాయి. ఇంకుడు గుంత నిండిపోయి బురదమడి అయింది. పడమటి గాలి కొట్టినప్పుడల్లా కంపు నేరుగా ఇంటి మీదికే పోతోంది.

అక్క ముఖంలో రక్తం లేదు. "అప్పా, నువ్వు రాసిందంతా చేసినాను. ఒక్క వారం తప్పలేదు. కాగితంలో చెప్పినదానికి రవ్వంత జాస్తే పోసినాను. చూడు ఎట్లుండాదో" అంది.

వసారాలో మంచం మీది నుంచి అత్త అందుకుంది. "వానికి ముక్కుండాదో లేదో ముందు చూడుమ్మా. ఉంటే ఈపాటికి పారిపోయుండల్ల కదా."

అక్క నవ్వలేదు. "పోయిన తూరి పంటంతా సున్నపు రోగానికి పోయింది. పురుగు సచ్చి సున్నం ముక్క మాదిరి బిగుసుకోని పాయ. ఈ తూరి గుడ్లు తెచ్చేముందు తట్టలు, గోడలు, నేల అన్నీ మందు పెట్టి మూడు తూర్లు కడిగినాను. పురుగు బాగా వచ్చింది. ఇప్పుడు నాలుగో జ్వరంలో ఉండాయి. రెండు దినాల్లో లేస్తాయి. లేచినాక ఏడు దినాలు మేస్తాయి. ఆ ఏడు దినాలూ ఈ గబ్బు ఇట్లే కొడితే మేత ముట్టవు."

జ్వరం అంటే రోగం కాదు. పురుగు పొర విడిచే ముందు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉండే నిద్రను అక్కడ అలా అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది.

"ఈ పంట కూడా పోతే నేను చేసేదేమీ లేదప్పా. గుంతలో మన్నేసి పూడ్చేస్తాను. అత్తని మునుపటి మాదిరి ఎత్తుకోని చేనికి పోతాను. నీ మీద కోపంతో అనేది కాదు. పురుగే మాకు అన్నం" అంది అక్క.

నేను పెద్ద డాక్టరులా పెరడంతా ఒకసారి తిరిగాను. "భయపడొద్దక్కా. మురికి ఎక్కువైంది. ఇంకో రెండు సీసాల ఫినాయిలు ఒకేసారి పోస్తే దారికొస్తుంది" అన్నాను.

గోడ అవతల నిలబడిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఒద్దు సామీ. ఇది సచ్చిన గుంత. బతికిన గుంత గబ్బు వేరే, సచ్చిన గుంత గబ్బు వేరే."

"గుంత చావడమేంటప్పా, అదేమన్నా మేకా?" అన్నాను. గోడల మీద చేరిన చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకు సంతోషం కూడా వేసింది. రెండు సీసాలూ నా చేత్తోనే పోసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాను.

మూడో రోజు పొద్దున మళ్ళీ పోయాం. కంపు తగ్గలేదు సరికదా, దాని మీద ఫినాయిలు ఘాటు కూడా ఎక్కి కళ్ళు మండుతున్నాయి. అక్క పురుగుల గదిలోంచి రెండు తట్టలు తెచ్చి పెరటి గుమ్మం దగ్గర పెట్టింది. పడమటి గోడ వైపు ఉన్న తట్టలవి. వేసిన ఆకు వేసినట్లే ఉంది. పురుగులు జ్వరం నుంచి లేచాయి గానీ తలలు వేలాడేసి పడి ఉన్నాయి. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తట్టల్ని తీసుకుపోయి దూరంగా గుంట తీసి పూడ్చింది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

నేను బస్టాపు దగ్గరి రాతి మీద వచ్చి కూర్చున్నాను. పెద్దాయన కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు. నేనే అడిగాను. "చచ్చిన గుంత అన్నావు కదప్పా. అంటే ఏంటి?"

ఆయన నన్ను ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చేయలేదు. "పాలకి తోడేస్తారు కదా సామీ. మరిగే పాలల్లో ఏస్తే తోడుకుంటాదా? తోడు సస్తాది. గుంతా అంతే. లోపల తినేటివి ఉంటాయి, కంటికి కనపడవు. పడిందాన్ని అవి తిని నీళ్ళు చేస్తాయి. నువ్వు పోసే ఫినాయిలుకి అవి సస్తాయి. ఆయమ్మ తట్టలు కడిగే మందు కూడా నీళ్ళు పోసుకునే బచ్చలింట్లోంచి దాంట్లోకే పోతాండాది. తినేటివి లేకుంటే పడింది పడినట్లే ఉంటాది. నిండినాక పక్క గుంతలోకి పోయి దాన్నీ అడ్డేస్తాది. పైకి పొర్లక ఏం చేస్తాది?"

సెప్టిక్ ట్యాంకులో సూక్ష్మజీవులు మలాన్ని జీర్ణం చేస్తాయని నేను పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణి. బొమ్మ కూడా గీశాను. ఆ రాసిన చేత్తోనే ఐదో సూత్రం రాసి, వాటినే చంపమని ఊరంతా పంచాను. పట్టు ఇల్లు కదా, కెలమంగలంలో అంత శుభ్రమైన ఇల్లు లేదు. నా మాట అక్షరం పొల్లుపోకుండా విన్న ఇల్లు కూడా అదొక్కటే. విననివాళ్ళ ట్యాంకులన్నీ హాయిగా ఉన్నాయి.

"మొన్ననే ఇదంతా ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పినాను సామీ. నువ్వు మేకా అన్నావు."

ఇప్పుడేం చేయాలని అడిగాను. ఆయన అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకున్నాడు. లోపల పేరుకున్నది సగానికి పైగా పైనుంచే తోడి తీయాలి. కందకంలో పోసి ఎప్పటికప్పుడు మట్టీ బూడిదా కప్పాలి. ఆడి గాలి పొద్దెక్కాక లేస్తుంది, తెల్లారాక కాసేపు గాలి ఉండదు. ఆ వేళలోనే మూత తీయాలి, గాలి లేచేలోపు మూసేయాలి. మూసేముందు బతికిన గుంతలోంచి తెచ్చిన బురద తోడు వేయాలి.

"బతికిన గుంత యాడుంది?" అన్నాను. నాకు తెలియకుండానే ఆయన మాట నా నోట్లోకి వచ్చింది.

"కృష్ణగిరిలో ఒక వకీలయ్య ఇంట్లో ఉండాది సామీ. ఆయప్ప మహా పిసినారి. ఫినాయిలు సీసా ఆ ఇంటి గడప దాటలేదు. గుంత రాయి మాదిరి గట్టిగా బతికుండాది."

బస్సెక్కే ముందు అక్క ఇంటికి తిరిగి పోయాను. తలుపుకు తగిలించిన అట్టను మేకుతో సహా పీకాను. "తప్పు నీది కాదక్కా. ఈ ఐదో సూత్రానిది. రాసింది నేనే" అన్నాను. గోడ మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళకు వినబడేలాగే చెప్పాను. ఉద్యోగంలో నేను చెప్పిన మాటలన్నిటిలో అది చెప్పడమే కష్టమైంది.

అక్క ఆ అట్టను చేతిలోకి తీసుకుని చూసింది. "రాసినోడు వాని చేత్తోనే సరిచేస్తే చాలప్పా. ఏం చేయల్లో చెప్పు" అంది. కందకం సంగతి చెప్పాను. కిటికీలకు తడి గోనెసంచులు కట్టమని పెద్దాయన గోడ అవతలి నుంచి చెప్పాడు. ఆమె తల ఊపింది.

వకీలుగారింట్లో అడిగిన వెంటనే ఇచ్చారు. అడిగిన వస్తువు అలాంటిది మరి. పెద్దాయన ఒక నూనె డబ్బా నిండా బురద తీసి, మూత బిగించి, గుడ్డ చుట్టి, పురికొసతో కట్టాడు. నిజంగానే ఆ ట్యాంకు మూత తీసినప్పుడు నేను అనుకున్నంత కంపు లేదు. వాన పడిన తర్వాత దిబ్బ దగ్గర వచ్చే వాసన, అంతే. సాయంత్రం రాయకోట మీదుగా పోయే బస్సెక్కాం. డబ్బాను నా ఒళ్ళో పెట్టుకున్నాను. నా తెల్ల చొక్కా, ఒళ్ళో డబ్బా చూసి కండక్టరుకు గౌరవం పుట్టింది.

"ఏం సార్, నెయ్యా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు పెద్దాయన, "తోడు సామీ" అన్నాడు.

"ఇంత తోడా? పెండ్లా ఏంది?"

"పాత్ర పెద్దది సామీ" అన్నాడు పెద్దాయన, కిటికీ బయటికి చూస్తూ. కండక్టరు, ఒలికిపోతుంది జాగ్రత్త అని చెప్పి, కుదుపులకు డబ్బా కదలకుండా తన గోనెపట్టా మడిచి దాని పక్కన ఒత్తు పెట్టాడు. రాయకోట దాకా నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. నవ్వితే డబ్బా జారుతుందని భయం.

మేం తిరిగి వచ్చేసరికి అక్క తన తోట కూలీలతో నడుము లోతు కందకం తీయించి, పక్కన మట్టీ బూడిదా కుప్పలు పోయించి పెట్టింది. పొద్దున మొదటి బస్సుకు హోసూరు నుంచి మా ఇంకో పనివాడు రావాలి. బస్సు వచ్చింది, అతను రాలేదు. తెల్లవారింది. మల్బరీ ఆకు కూడా కదలడం లేదు. అలాంటి వేళ ఆడి నెలలో రోజుకు రెండు గంటలుంటే ఎక్కువ. పెద్దాయన నా వైపు చూడకుండా, "ఒకరు గడ పట్టుకుంటే ఇంకొకరు బకెట్టు మోయల్ల" అన్నాడు. కూలీలు అప్పటికే గోడ అవతలికి పోయి నిలబడ్డారు.

నేను చొక్కా విప్పి, గడియారం తీసి అత్త మంచం మీద పెట్టాను.

గడ్డపారతో బండలు జరిపాం. మూత తీసినా పెద్దాయన వెంటనే పని మొదలుపెట్టనివ్వలేదు. కాసేపు దూరంగా నిలబడమన్నాడు. గోడ మీద ఉన్నవాళ్ళలో ఒకతను, "ఒకడు దిగి ఎత్తిస్తే తొందరగా అయిపోతాది కదప్పా" అన్నాడు. గాలి లేస్తుందన్న భయం నాకూ ఉంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకూ అదే అనిపించింది.

పెద్దాయన అతని వైపు తిరిగాడు. "మా అన్న కూడా తొందరగా అయిపోతాదనే దిగినాడు. నేను పైన తాడు పట్టుకోని ఉండినాను. రెండు తూర్లు పిలిస్తే పలకలేదు. గుంతలో విషం గాలి ఉంటాది. దానికి గబ్బు కూడా ఉండదు ఒక్కోసారి." తర్వాత నాతో, "మనిషి దిగేది లేదు సామీ. అయినంత అవుతాది" అన్నాడు.

ఆయన వెదురు గడకు కట్టిన బకెట్టుతో తోడాడు. నేను మోశాను. కందకంలో పోయడం, మట్టి వేయడం, బూడిద చల్లడం, మళ్ళీ రావడం. మూడో బకెట్టుకే వాంతి అయింది. అత్త మంచం మీది నుంచి, "ఇన్‌స్పెక్టరప్పా, నీ ఏడు సూత్రాల్లో ఇది ఎన్నోది?" అని అడిగింది. ఎనిమిదోది అని చెప్పి ఇంకో బకెట్టు ఎత్తాను. ఇరవై దాకా లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. నేను ఆ ఒక్క పొద్దు చేసిన పనిని ఆయన నలభై ఏళ్ళుగా చేస్తున్నాడని నాకు బుద్ధితో తెలుసు. భుజాలకు తెలిసింది ఆ రోజే.

పెద్దాయన గోడ మీద ఒక గుడ్డపేలిక కట్టి పెట్టాడు. గడ ఎత్తినప్పుడల్లా దాని వైపు చూసేవాడు. ట్యాంకు సగం పైగా ఖాళీ అయింది. వెదురు బద్దతో బయటికి పోయే పైపును పొడిచి అడ్డం తీశాడు. అంతలో పేలిక కదిలింది.

"చాలు సామీ. మూసేద్దాం."

"ఇంకా ఉంది కదప్పా. మొత్తం తీసేస్తే పోతుంది కదా" అన్నాను. ఇంత కష్టపడి అడుగున వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

"ఉండనీ. అడుగున రవ్వంత లేకుంటే తోడు దేంట్లో ఏసేది?"

ఈసారి నేను మేకా అనలేదు. ఆయన వకీలుగారి డబ్బా విప్పి ట్యాంకులో పోశాడు. అక్క కలిపి ఉంచిన పేడనీళ్ళు రెండు బిందెలు పోశాడు. ఇద్దరం కలిసి బండలు జరిపాం. సందుల్లో బంకమన్ను కూరుతుండగానే గాలి లేచింది. మల్బరీ తోట అంతా ఒక్కసారిగా వంగింది. నేను మట్టి చేతులతో అలాగే కూర్చుని ఇంటి వైపు చూశాను. పెరటి తలుపు తెరుచుకుంది. అక్క గుమ్మంలో నిలబడి గాలిని రెండు మూడు సార్లు పీల్చింది. తర్వాత లోపలికి పోయి పురుగులకు ఆకు వేసింది.

మరుసటి రోజు కొత్త ఇంకుడు గుంత తవ్వించి పాత పెంకులు, ఇటుక ముక్కలతో నింపించాను. తట్టలు కడిగే మందునీళ్ళు ట్యాంకులోకి పోకుండా పెరటి చివర విడిగా ఒక గుంట చేయించాను. ఆ ఏడు రోజులూ ఏదో ఒక పని కల్పించుకుని కెలమంగలం పోయేవాణ్ణి. ట్యాంకు కంటే ముందు అక్క ముఖం చూసేవాణ్ణి. నాలుగో రోజు పెద్దాయన మూత అంచున మన్ను కొంచెం గీకి, వంగి వాసన చూశాడు. "తోడుకుంటాండాది" అన్నాడు.

మధ్యలో ఒకరోజు వేప్పనపల్లి వైపు పోయాను. నేను బకెట్లు మోసిన కబురు నాకంటే ముందే చేరింది. మా అమ్మ నన్ను పెరట్లోనే నిలబెట్టి, రెండు బిందెల నీళ్ళు నెత్తిన పోసింది. తర్వాత అన్నం పెడుతూ, "ఆయమ్మ పురుగు బాగుండాదా?" అని అడిగింది. మేస్తున్నాయని చెప్పాను. ఆ తర్వాత బంధువులు అడిగితే నా శాఖ పేరు కూడా చెప్పడం మొదలుపెట్టింది.

ఆఫీసులో కొత్త స్టెన్సిల్ కోయించాను. ఐదో సూత్రం మారింది. ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, పురుగుల గది మందు ట్యాంకులో పోయరాదు. మొదటి సూత్రం ఏం పెట్టమంటావని పెద్దాయన్ని అడిగాను. "లోపలికి మనిషిని దింపొద్దని రాయి సామీ" అన్నాడు. అదే రాశాను. నేను రిటైరయ్యే దాకా నా చేతి కింద ఏ మనిషీ ట్యాంకులోకి దిగలేదు. పై అధికారులు తొందరపెట్టిన రోజులున్నాయి, ఇంటివాళ్ళు అరిచిన రోజులున్నాయి. దిగనివ్వలేదు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే, అదీ నా సొంతం కాదు.

ఏడో రోజు పోయేసరికి పెరట్లో కంపు లేదు. అత్త కక్కసు నుంచి గోడ పట్టుకుని, కోడలి భుజం ఆసరాతో నాలుగడుగులు వేసి మంచం దగ్గరికి వస్తోంది. నన్ను చూసి, "చొక్కా ఏసుకోని వచ్చినావే ఈ పొద్దు" అంది.

అక్క ఆమెను కూర్చోబెట్టి మా వైపు వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను, పెద్దాయన ఎప్పటిలాగే గోడ అవతల. ఆమె నన్ను దాటి గోడ దగ్గరికి పోయింది. "పురుగు పండింది. కాళ్ళు చేతులు కడుక్కోని రా అప్పా, చూద్దువు" అంది ఆయనతో.

పెద్దాయన కదల్లేదు. "నేనా అమ్మా?"

"నువ్వే. ఇన్‌స్పెక్టరప్పా, నువ్వూ రా. బీడీ తాగలేదు కదా ఎవరూ?"

ఆయన తొట్టి దగ్గర మూడుసార్లు చేతులు కడిగాడు. కాళ్ళు కడిగాడు. మళ్ళీ చేతులు కడిగాడు. అక్క చాలని చెప్పేదాకా కడుగుతూనే ఉన్నాడు. గదిలో మసక వెలుతురు. తట్టల నిండా ఆకు. ఆయన గుమ్మం లోపల నిలబడి పైకప్పు పెంకుల వైపు చూశాడు. "వాన వస్తాండాదా అమ్మా?" అన్నాడు.

"వాన కాదప్పా. ఇంకా పండనివి మేస్తాండాయి. ఆ సద్దు అది."

నేనూ అప్పుడే విన్నాను. ఇన్నేళ్ళు ఆ ఇంటికి తిరిగి, ఆ చప్పుడు వినడం నాకూ అదే మొదటిసారి. ఒక పక్క వెదురు చంద్రికలు ఆనించి ఉన్నాయి. పండిన పురుగుల్ని వాటి మీదికి ఎక్కిస్తే అక్కడ గూళ్ళు కడతాయి. పెద్దాయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు, దేనికీ తగలకుండా. అక్క తట్టలోంచి ఒక పండిన పురుగును తీసింది. పసుపు రంగు తిరిగి, వెలుగు లోపలికి పోయేంత పలచగా ఉంది. "చెయ్యి చాపు" అంది. ఆయన చాపలేదు. "చాపప్పా. నీ చేత్తో ఎక్కించు" అంది. ఆయన కుడి చెయ్యి చాపాడు. ఆమె ఆ పురుగును ఆయన అరచేతిలో పెట్టింది. అది తల ఎత్తి అటూ ఇటూ చూసింది. ఆయన ఊపిరి బిగబట్టి చంద్రిక దగ్గరికి నడిచి, దాన్ని మెల్లగా ఎక్కించాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు ఆయనకు ఇచ్చి నేను పక్కన కూర్చున్నాను. గడ్డపార నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఆయన కుడి చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, హోసూరు వచ్చేదాకా ముడవలేదు.